కప్పులు ఇచ్చాం, పుస్తకాలు ఇవ్వలేదు

ఈ మధ్య రాజపాళయంలో జరిగిన యవ్వనస్థుల కూడికకు మమ్మల్ని పిలిచారు. మాకంటే ముందు మాట్లాడిన సహోదరుడు తెర కట్టించి, ప్రొజెక్టరు పెట్టించి ఒక వీడియో వేశాడు. అమెరికా ఫుట్‌బాల్ ఆటగాడు రెజ్జీ వైట్ వీడియో అది. 1997 జనవరి 26న గ్రీన్ బే ప్యాకర్స్ జట్టు సూపర్ బౌల్ గెలిచిన రాత్రి, ఆరడుగుల ఐదంగుళాల ఆ మనిషి వెండి కప్పును నెత్తిమీదికి ఎత్తి మైదానం చుట్టూ పరుగెత్తుతున్నాడు. "ఈయన బాప్టిస్టు సేవకుడు కూడా. ప్రార్థనాపరుడు కాబట్టే గెలిచాడు. మీరూ ప్రార్థించండి, మీరూ గెలుస్తారు" అన్నాడు సహోదరుడు. పిల్లలు చప్పట్లు కొట్టారు. మేమూ కొట్టాం, ఆ మాట దాచుకోవడం దేనికి.

భోజనాల దగ్గర పదిహేడేళ్ళ కుర్రాడొకడు ఆకు వేసుకుని మా పక్కన కూర్చున్నాడు. మోకాలికి బ్యాండేజీ. కబడ్డీలో లెఫ్ట్ కార్నర్ ఆడతాడట. "అయ్యా, ఆ రోజు ఓడిపోయిన జట్టులో ప్రార్థన చేసేవాళ్ళు ఒక్కరు కూడా లేరా?" అని అడిగాడు. వేళాకోళానికి అడగలేదు. అంతకుముందు వారమే వాళ్ళ జట్టు ఫైనల్లో ఓడింది. ఆ ఆటలోనే మోకాలు పోయింది. ప్లస్ టూలో రెండు పేపర్లు అంతకుముందే పోయాయి. ఇక మగ్గం పనికి పోవాలా, మోకాలు బాగయ్యేదాకా కోచ్ మాట నమ్ముకుని కూర్చోవాలా అన్నది వాడి అసలు ప్రశ్న. మేము సాంబారు పోయించుకుంటూ ఏదో అన్నాం. అది జవాబు కాదని వాడికీ తెలుసు, మాకూ తెలుసు. ఆ బాకీ తీర్చడానికే ఇది రాస్తున్నాం.

రాజపాళయం గురించి తెలియనివారికి రెండు మాటలు. విరుదునగర్ జిల్లాలో పడమటి కనుమల కింద ఉన్న మిల్లుల ఊరు. తమిళదేశం మధ్యలో తెలుగు వినిపించే ఊరు. విజయనగర కాలంలో వలస వచ్చిన రాజుల ఇళ్ళలో తెలుగు ఉంది. ఊరి చివర అరుంధతీయుల పేటల్లోనూ తెలుగే ఉంది. మొదటి తెలుగు నుంచి మద్రాసు రాష్ట్రానికి ఒక ముఖ్యమంత్రి వచ్చాడు, పి.ఎస్. కుమారస్వామి రాజా, 1949 నుంచి 1952 దాకా. రెండో తెలుగు మాట్లాడేవాళ్ళు తరతరాలుగా చీపురు పట్టుకుని అదే ఊరి వీధులు ఊడుస్తున్నారు. మా కుర్రాడి తల్లి కూడా అందులో ఒకరు. పక్కనే చత్రపట్టి ప్రాంతంలో ఇంటింటా బ్యాండేజీ గుడ్డ నేస్తారు. దేశంలో ఎవరికి దెబ్బ తగిలినా చుట్టే గుడ్డ అక్కడిది కావచ్చు. ఆ రోజు మా పక్కన కూర్చున్న మోకాలికి చుట్టింది కూడా అక్కడి గుడ్డే అయివుంటుంది.

ఇప్పుడు వీడియో సంగతి. అందులో చూపించనిది చాలా ఉంది.

అమెరికా ఫుట్‌బాల్ అంటే మనం కాలితో తన్నే బంతాట కాదు. బంతిని చంకలో పెట్టుకుని అవతలి గీత దాటించే ఆట. ఒక జట్టు ముందుకు తోసుకొస్తుంది, ఇంకో జట్టు అడ్డం పడుతుంది. మన చెడుగుడు తెలిసినవాడికి ఇది అర్థం కావడం కష్టమేమీ కాదు. కూతకు వచ్చేవాడి పేరు అందరూ అరుస్తారు. చీలమండ పట్టుకుని ఆపేవాడి పేరు వాళ్ళ అమ్మకు గుర్తుంటే చాలు. అక్కడ రక్షణ వరసలో ముందు నిలబడే ఆటగాడు ప్రతి ఎత్తుగడకీ తనంత బరువున్న మనిషిని గుద్దుకుని, తోసుకుని వెళ్ళి బంతి విసిరేవాణ్ణి కూల్చాలి. ఒక్క ఆటలో డజన్ల సార్లు. రెజ్జీ వైట్ ఆ పనిలో మొనగాడు. 2000లో ఆట మానేసేనాటికి 198 సార్లు అలా కూల్చాడు, అప్పటికి అదే రికార్డు. ఇంగ్లీషులో పాస్టరుకూ మంత్రికీ ఒకటే మాట కాబట్టి ఆయన్ని అభిమానులు సరదాగా "రక్షణ మంత్రి" అనేవారు.

కప్పు ఎత్తడానికి ఏడాది ముందు, 1996 జనవరి 8న, టెనెసీ రాష్ట్రం నాక్స్‌విల్‌లో ఈ రక్షణ మంత్రి సహాయ కాపరిగా ఉన్న చర్చిని తగలబెట్టారు. గోడల మీద జాతి దూషణ రాతలు రాసిపోయారు. దేశంలో ఆయన మొహం గుర్తుపట్టనివాడు లేడు, టీవీలో ఆయన లేని ఆదివారం లేదు. అయినా ఆ చర్చి నల్లవాళ్ళు కూడుకునే చర్చి కాబట్టి కాలింది. ఆ రోజుల్లో దక్షిణాది రాష్ట్రాల్లో నల్లవారి చర్చిలు ఒకదాని వెంట ఒకటి కాలుతుంటే ఆ ఏడాది జూలైలో చర్చిల దహనం మీద ప్రత్యేక చట్టమే చెయ్యాల్సి వచ్చింది. కాబట్టి, రాజపాళయం తెర మీద కప్పును చూపించిన సహోదరుడికి మా ప్రశ్న: కాలిన చర్చి ఎందుకు చూపించలేదు? ప్రార్థన వల్ల కప్పు వచ్చిందనేవాడు, ఆ చర్చి ఏ ప్రార్థనాలోపం వల్ల కాలిందో కూడా చెప్పాలి గదా.

ఇంకొకటి. ఆట మానేశాక రెజ్జీ వైట్ ప్రసంగ వేదికలు తగ్గించుకుని హీబ్రూ నేర్చుకోవడానికి కూర్చున్నాడు. ఇన్నేళ్ళూ ఇతరులు చెప్పిందే తాను వల్లించానని, ఆటగాడన్న పేరు కోసమే తనని పిలిచేవారని బాధపడ్డాడు. 2004 డిసెంబరు 26న నలభై మూడేళ్ళకే పోయాడు. ఆయన పశ్చాత్తాపం మనం తలకెత్తుకోవాల్సిన సాక్ష్యం. ఆయన మానుకోవాలనుకున్నదాన్నే మనం తెర కట్టి చూపించుకుంటున్నాం.

మా కుర్రాడికి మేము చూపించాల్సిన మనిషి వేరే ఉన్నాడు. ఆయన పేరు అలన్ పేజ్.

ఒహాయో రాష్ట్రం కాంటన్‌లో 1945లో పుట్టాడు. ఆ ఊళ్ళోనే ఫుట్‌బాల్ మహామహుల స్మారక మందిరం కట్టారు, హాల్ ఆఫ్ ఫేమ్ అంటారు. దానికి పునాదులు తీస్తున్నప్పుడు కూలి పనికి వెళ్ళిన హైస్కూలు కుర్రాళ్ళలో పేజ్ ఒకడు. పాతికేళ్ళ తర్వాత అదే మందిరంలో ఆయన విగ్రహం పెట్టారు. ఈ ఒక్క సంగతి దొరికితే మన ప్రసంగీకులు గంటన్నర లాగేస్తారు, కూలివాణ్ణి లేవనెత్తిన దేవుడు అని. ఆగండి. ఆ రెంటికీ నడుమ ఏం జరిగిందో చూద్దాం.

1967లో మిన్నెసోటా వైకింగ్స్ జట్టులో చేరాడు. రక్షణ వరసలో, వైట్‌లాగే. 1971లో లీగు మొత్తానికి అత్యంత విలువైన ఆటగాడిగా ఎన్నికయ్యాడు. అంతకుముందు రక్షణ ఆటగాడికి ఆ గౌరవం ఎప్పుడూ దక్కలేదు. ఆ తర్వాత కూడా 1986లో లారెన్స్ టేలర్ ఒక్కడికే దక్కింది. పదిహేను సీజన్లలో ఒక్క ఆట కూడా తప్పలేదు. ఆయన ఉన్నప్పుడు వైకింగ్స్ నాలుగుసార్లు సూపర్ బౌల్ దాకా వెళ్ళింది. నాలుగుసార్లూ ఓడింది. విన్నావా తమ్ముడూ, నాలుగుసార్లూ. నువ్వు భోజనాల దగ్గర అడిగిన ప్రశ్నకు మొదటి సగం జవాబు ఇది. గెలుపు సిద్ధాంతం ప్రకారం చూస్తే ఈ మనిషిని దేవుడు నాలుగుసార్లు వదిలేశాడు. ఆయన జీవితంలో చెప్పుకోదగ్గవన్నీ ఆ నాలుగు ఓటముల పక్కనా, వాటి తర్వాతా జరిగాయి.

జట్టులో ఒకరోజు రక్షణ వరస ఆటగాళ్ళను కూర్చోబెట్టి ఎత్తుగడల పుస్తకం గట్టిగా చదవమన్నారు. కొందరికి చదవడం రాలేదు. పెద్దవాళ్ళు, కాలేజీ మెట్లెక్కి వచ్చినవాళ్ళు. గుద్దుకోవడం బాగా వచ్చు కాబట్టి బడి నుంచి కాలేజీ దాకా ఎవ్వరూ వాళ్ళను ఆపి "నాయనా, ఈ వాక్యం చదువు" అనలేదు. పాస్ చేసి పంపించేశారు. పేజ్ ఈ సంగతి తర్వాత చాలాచోట్ల చెప్పుకున్నాడు. తన పక్కన నిలబడి ఆడేవాళ్ళను తన కళ్ళముందే ఎలా వాడుకుని వదిలేశారో ఆ రోజు అర్థమైంది ఆయనకి.

ఆయన లా కాలేజీకి వెళ్ళాడు. మొదటిసారి చేరి మూడు వారాలకే మానేశాడు, కష్టమై. అది కూడా యువకులకు చెప్పాలి. కొన్నేళ్ళు ఆగి మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో మళ్ళీ చేరాడు. ఆడుతూనే చదివి 1978లో పట్టా తీసుకున్నాడు. ఆ మధ్యకాలంలోనే ఆటగాళ్ళ సంఘంలో తన జట్టు ప్రతినిధిగా కూర్చున్నాడు. సంఘం అంటే ఇక్కడ చర్చి కాదు, యూనియన్. 1974లో ఆటగాళ్ళు సమ్మె చేశారు. ఒప్పందం ముగిసినా ఆటగాడు తన ఇష్టప్రకారం మరో జట్టుకు పోలేని రోజులవి. కొత్త జట్టు పాత యజమానికి పరిహారం ఇచ్చుకోవాలి. మన ఊళ్ళో పాలేరు అప్పు తీరకుండా ఇంకో రైతు దగ్గరికి పోకూడదన్న కట్టుబాటు లాంటిదే, కాకపోతే జీతం ఎక్కువ. 1976లో కోర్టు ఆ నియమం చెల్లదంది.

యాజమాన్యాలకు ఇలాంటి ఆటగాడు ఎలా కనిపిస్తాడో చెప్పనక్కర్లేదు. పేజ్ అప్పటికే దూరపు పరుగులు మొదలుపెట్టి బరువు తగ్గాడు. 1978 సీజన్ మధ్యలో వైకింగ్స్ ఆయన్ని వదిలేసింది. ఇక జట్టుకు తగ్గట్టు ఆడలేడన్నారు. లీగు మొత్తానికీ అత్యంత విలువైనవాడు అని ఏడేళ్ళ కింద రాసిన మనిషిని చికాగో బేర్స్ జట్టు నూరు డాలర్ల రుసుము కట్టి తీసుకుంది. నూరంటే నూరే. ఆ తర్వాత ఇంకో మూడేళ్ళు ఆడాడు ఆయన.

ఆ నూరు డాలర్ల దగ్గర మా చదువరులు ఒక్క నిమిషం ఆగాలి. మన దగ్గర కూడా ఇప్పుడు ఆటగాళ్ళను వేలం వేస్తున్నారు. ప్రో కబడ్డీ 2014లో మొదలైంది. 2018 వేలంలో ఇరాన్ లెఫ్ట్ కార్నర్ ఫజల్ అత్రాచలి కోటి రూపాయలు పలికాడు. పట్టు పట్టేవాడికి కోటి రావడం చూసి మేమూ సంతోషించాం. తమిళనాడు ఆటగాడు ధర్మరాజ్ చేరలాదన్ 2016లో నలభై దాటిన వయసులో పాట్నా జట్టుకు నాయకుడై కప్పు తెచ్చినప్పుడు మా పిల్లలతో కలిసి టీవీ ముందు కేకలు పెట్టాం. ఆట మీద మాకు పగ లేదు. కానీ మనిషిని వేలంలో పెట్టి పాట పాడటం చూస్తే మా కడుపులో ఏదో కలుక్కుమంటుంది. ఓడల్లో తెచ్చి అంగట్లో నిలబెట్టి పళ్ళు చూసి కొన్న జనం వారసుడు అలన్ పేజ్. మన తాతలు తవ్వ గింజలకు జీతగాళ్ళుగా అమ్ముడుపోయినవాళ్ళు. ధర ఎంత పెద్దదైనా, అది వాడి చీలమండలు గట్టిగా ఉన్నంతకాలం చెల్లే ధర. ఆ కోటి వెనక ఎన్ని వేల మోకాళ్ళు పల్లె మైదానాల్లో అరిగిపోయాయో ఏ వేలంలోనూ లెక్కకు రాదు.

అమెరికాలో ఆ లెక్క తియ్యక తప్పింది కాదు. డేవ్ డ్యూర్సన్ అని, చికాగో బేర్స్ రక్షణ ఆటగాడు. 2011లో యాభై ఏళ్ళ వయసులో తన ప్రాణం తానే తీసుకున్నాడు. తన మెదడును పరిశోధనకు ఇవ్వమని కుటుంబానికి రాసిపెట్టి పోయాడు. తలకు పదేపదే దెబ్బలు తగలడం వల్ల వచ్చే జబ్బు ఆ మెదడులో బయటపడింది. 2017లో బోస్టన్ విశ్వవిద్యాలయం వాళ్ళు, కుటుంబాలు దానమిచ్చిన 111 మంది లీగు ఆటగాళ్ళ మెదళ్ళు పరీక్షిస్తే 110లో అదే జబ్బు కనిపించింది. జబ్బు అనుమానం ఉన్నవాళ్ళే ఎక్కువగా దానమిస్తారు కాబట్టి ఆటగాళ్ళందరికీ అదే నిష్పత్తి అనకూడదు. అయినా ఆ అంకె చదివి ఏ తల్లి నిద్రపోగలదు?

వేలమంది మాజీ ఆటగాళ్ళు కేసు వేస్తే లీగు పరిహారానికి ఒప్పుకుంది. ఇక్కడే మన యువత బాగా చదవాల్సిన పేజీ ఒకటి ఉంది. పరిహారం రావాలంటే మతిమరుపు ఎంత పెరిగిందో పరీక్ష చేస్తారు. ఆ పరీక్ష మార్కులు వేసేటప్పుడు నల్లవారికి ఒక లెక్క, తెల్లవారికి ఇంకో లెక్క పెట్టారు. నల్లవాడి తెలివి మొదటినుంచే కొంచెం తక్కువ ఉంటుందనుకుని లెక్క మొదలుపెట్టారు. కాబట్టి ఇద్దరికీ ఒకే మార్కు వస్తే తెల్లవాడికి జబ్బున్నట్టు, నల్లవాడు ఎప్పుడూ అంతే అన్నట్టు. కెవిన్ హెన్రీ అనే పిట్స్‌బర్గ్ రక్షణ ఆటగాడు, నజే డావెన్‌పోర్ట్ అనే మరో ఆటగాడు 2020లో దీనిమీద కోర్టుకెక్కారు. 2021 జూన్‌లో లీగు ఆ పద్ధతి మానేస్తామంది. ఇది మన శతాబ్దంలో, పెద్ద పెద్ద డాక్టర్లూ లాయర్లూ కూర్చుని రాసుకున్న ఒప్పందంలో జరిగింది. మెరిట్ అనే మాట వినపడ్డప్పుడల్లా మా చెవులు ఎందుకు రిక్కబొడుచుకుంటాయో ఇప్పటికైనా అర్థమైందా? బలం విషయంలో మనకు నూటికి నూరు మార్కులు వేస్తారు. బుర్ర విషయంలో మాత్రం లెక్క వేరు.

సండే స్కూల్లో మనం సమ్సోను కథ చెబుతాం. సింహాన్ని చీల్చాడు, గాడిద దవడ ఎముకతో వెయ్యిమందిని కొట్టాడు, ఊరి తలుపులు ఊడబెరికి కొండమీదికి మోసుకుపోయాడు. ఫ్లానెల్ బోర్డు మీద బొమ్మ అంటించి కండలు చూపిస్తాం. తర్వాతి ఘట్టం గబగబా దాటేస్తాం. కళ్ళు పీకేశాక ఆ బలవంతుణ్ణి చెరసాలలో తిరగలికి కట్టారు. పండుగనాడు వినోదం కావాలని సభ మధ్యలోకి పిలిపించి ఆడించుకున్నారు. పైన కూర్చుని చూసినవాళ్ళు వేలల్లో ఉన్నారు. యవ్వనస్థుల కూడికలో ఆ ఘట్టం మీద ఒక్క ప్రసంగం మేము వినలేదు. మేమే చేసి ఉండాల్సింది, చెయ్యలేదు.

పేజ్ దగ్గరికి తిరిగి వద్దాం. 1985 నుంచి మిన్నెసోటా అటార్నీ జనరల్ కార్యాలయంలో పనిచేశాడు. 1992లో రాష్ట్ర సుప్రీంకోర్టు న్యాయమూర్తి పదవికి పోటీ చెయ్యాలనుకున్నాడు. అక్కడ ఆ పదవికి ఎన్నిక ఉంటుంది. ఆ ఏడాది గవర్నర్ ఉన్న న్యాయమూర్తి గడువును పొడిగించి, ఎన్నికే లేకుండా చేశాడు. పేజ్ ఇంటికి పోయి మోకరించి ఊరుకోలేదు. కోర్టులో కేసు వేశాడు. గెలిచాడు, ఎన్నిక జరిగింది, నెగ్గాడు. 1993 జనవరిలో ఆ కోర్టులో కూర్చున్న మొదటి నల్ల న్యాయమూర్తి అయ్యాడు. 2015లో డెబ్భై నిండి విరమించేదాకా అక్కడే ఉన్నాడు. చట్టం తెలిసినవాడికి మూసిన తలుపు దగ్గర ఏం చెయ్యాలో కూడా తెలుస్తుంది.

1988లో హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి తీసుకున్నప్పుడు తనని సభకు పరిచయం చెయ్యడానికి ఆటగాణ్ణో కోచ్‌నో పిలవలేదు ఆయన. విల్లరీన్ బీస్లీ అనే మినియాపొలిస్ హైస్కూలు ప్రధానోపాధ్యాయురాలిని పిలిచాడు. మైకు చేతికిస్తే ఆట గురించి కాదు, చదువు గురించి మాట్లాడాడు. అదే ఏడాది భార్య డయాన్‌తో కలిసి విద్యార్థి వేతనాల సంస్థ పెట్టాడు. అందులో ఒక షరతు మాకు మరీ నచ్చింది. డబ్బు తీసుకున్న విద్యార్థి ఊరికే తీసుకుని పోకూడదు, తనకంటే చిన్నపిల్లల దగ్గర కూర్చుని చదువు చెప్పాలి.

2017లో మినియాపొలిస్‌లో ఒక మిడిల్ స్కూలు పేరు మారింది. అప్పటిదాకా దానికి అలెగ్జాండర్ రామ్సే పేరు ఉండేది. 1862లో డకోటా ఆదివాసులను నిర్మూలించాలి లేదా రాష్ట్రం నుంచి తరిమెయ్యాలి అని ప్రకటించిన గవర్నర్ అతను. ఆ పేరుతో ఉన్న బడిలో మేం చదవం అని పిల్లలే ఉద్యమం నడిపారు. ఇప్పుడు దాని పేరు జస్టిస్ పేజ్ మిడిల్ స్కూలు. కప్పు గెలవని మనిషి పేరది.

కొందరు పెద్దలు ఈపాటికి గొంతు సవరించుకుంటూ ఉంటారు. పాస్టరుగారూ, కోర్టులూ యూనియన్లూ లోక సంబంధమైనవి, మనకెందుకు అని. అయ్యా, మీ స్థలం రిజిస్ట్రేషన్‌కి మీరు ఏ ఆఫీసుకు వెళ్ళారు? ఆ రోజు లోకం గుర్తు రాలేదా? మన మెడ మీద 1950 నుంచి ఒక రాష్ట్రపతి ఉత్తర్వు కూర్చుని ఉంది. మొదట హిందువులకే షెడ్యూల్డు కుల హోదా అంది. 1956లో సిక్కులను చేర్చారు, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రీస్తును నమ్మిన దళితుడు మాత్రం బయటే ఉన్నాడు. తమిళనాడులో అరుంధతీయులకు 2009లో షెడ్యూల్డు కులాల కోటాలోనే మూడు శాతం ప్రత్యేకంగా ఇచ్చారు. మా కుర్రాడి పక్కింటివాడికి అది వస్తుంది. బాప్తిస్మం తీసుకున్న మా కుర్రాడు కాగితం మీద వెనకబడిన తరగతి అయిపోతాడు. తల్లి చేతిలో చీపురు మాత్రం ఏ మతం అని అడగదు. ఇలాంటి ఉత్తర్వును ఏ కండ కదిలిస్తుంది? దాన్ని కదపడానికి చదువుకున్నవాళ్ళు కావాలి, వందల్లో కావాలి. మదురైలో, తిరునెల్వేలిలో ప్రభుత్వ న్యాయ కళాశాలలు ఉన్నాయి. రాజపాళయం నుంచి బస్సు ఉంది.

ఇంకొందరు వేరే దారిలో వస్తారు. స్పోర్ట్స్ కోటా ఉంది గదా, ఆడి ఉద్యోగం తెచ్చుకోనివ్వండి, మీరెందుకు ఆ పిల్లల ఆశ తుంచుతారు అని. తెచ్చుకోనివ్వండి, ఎవరు కాదన్నారు. అయితే ఒక పేటలో ఎందరు ఆడితే ఎందరికి కోటా ఉద్యోగం వచ్చిందో వేళ్ళమీద లెక్కపెట్టి చెప్పండి. మిగిలినవాళ్ళ మోకాళ్ళకు ఎవరు బాధ్యులు? రాజపాళయం పేరు దేశానికి తెలిసింది ఒక తెల్లటి కాపలా కుక్క జాతి వల్ల. 2005లో దానిమీద తపాలా బిళ్ళ కూడా వేశారు. కాపలాకు మెచ్చుకున్నవాడు దాన్ని వాకిట్లోనే కడతాడు. మా పిల్లల్ని ఆ మెచ్చుకోలుతో చూడొద్దు.

అన్నిటికంటే పెద్ద తప్పు మాది, అంటే సంఘాలది. ఏటా ఫలానా అయ్యగారి స్మారక కబడ్డీ పోటీలు పెడతాం. పదడుగుల ఫ్లెక్సీ మీద స్వర్గస్థులైన అయ్యగారి ఫొటో, బతికున్న అయ్యగారి ఫొటో, వారి సతీమణి ఫొటో వేస్తాం. కింద అంచున, చీమ తలంత సైజులో, ఆడే పిల్లలు. ఫ్లడ్ లైట్లు, మైకు, ముఖ్య అతిథికి శాలువా, రెండు కప్పులు. ఆటలో పిల్లవాడి కాలు మెలిపడితే అంబులెన్సు ఉండదు, ఒక ఫిజియోథెరపీ పూటకు డబ్బు ఉండదు. "ప్రార్థన చేద్దాం" ఉంటుంది. మా సొంత సంఘం లెక్కల పుస్తకం తీసి చూశాం. పోటీల పద్దు మూడు పేజీలు ఉంది. పరీక్ష ఫీజుల పద్దు అసలు లేదు. పన్నెండేళ్ళుగా ఆ పుస్తకం మీద సంతకం పెడుతున్నది మేమే.

పౌలు గారు పందెం గురించి, పరుగు గురించి రాశారు కాబట్టి క్రీడలే సాక్ష్యం అనేవారికి ఒక మనవి. ఆ పౌలు గారే కొరడా దెబ్బలు తప్పించుకోవడానికి తన రోమా పౌరసత్వం బయటపెట్టారు. స్థానిక న్యాయం మీద నమ్మకం లేక కైసరుకు అప్పీలు చేశారు. చట్టం తెలిసిన అపొస్తలుడాయన. ఆయన పరుగు మీద ప్రసంగాలు విన్నాం, ఆయన అప్పీలు మీద మాత్రం ఇంకా ఎవరూ చెప్పలేదు.

కుర్రాడికి ఫోన్ చేశాం. మోకాలికి ఆపరేషన్ అక్కర్లేదట, మూడు నెలలు ఆడకూడదన్నారట. అలన్ పేజ్ కథ అంతా చెప్పాం. నాలుగు ఫైనల్స్ ఓడిపోయాడన్న దగ్గర వాడు నవ్వాడు, మొదటిసారి. "ఆయన జెర్సీ నంబరు ఎంతయ్యా?" అన్నాడు. ఎనభై ఎనిమిది. వైకింగ్స్ జట్టు ఆ నంబరు ఇంకెవరికీ ఇవ్వదు అన్నాం. "మా జట్టు ఇస్తుంది" అన్నాడు. పోయిన రెండు పేపర్లలో ఒకటి ఇంగ్లీషు. వాళ్ళ పేటలో బి.ఎ. చదువుతున్న అమ్మాయి సాయంత్రాలు చెప్పడానికి ఒప్పుకుంది. ఫీజు కట్టడానికి ఇంకా పదకొండు రోజులు ఉంది. ఈ ఆదివారం ఆరాధన అయ్యాక మా సంఘ పెద్దల మీటింగు. ఈ ఏడాది కప్పులకు తీసిపెట్టిన డబ్బు అడగబోతున్నాం.